కూర్చుని పెట్టిన సంతకం

ఒక మనిషిని జైలుకు పంపే కాగితం మీద సంతకం పెట్టాల్సి వస్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కాగితం మొత్తం పైకి చదివేవారు. ఆ కేసు చూసే ఆఫీసరు ఎదురుగా నిలబడి వినాలి. పేరు దగ్గర ఆగి, "దీన్ని ఎలా పలుకుతారు?" అని ఇంగ్లీషులో అడిగేవారు. టోంగా పేర్లు, వియత్నాం పేర్లు, లెబనాన్ పేర్లు, అన్నీ వచ్చేవి ఆ బల్ల మీదికి. ఆఫీసరుకు పలకడం రాకపోతే కాగితం వెనక్కి వెళ్ళిపోయేది. "పేరు పలకనీకి రాదంట, ఆ మనిషి గురించి మాత్రం నాలుగు పేజీలు రాసినాడు" అని తర్వాత నా దగ్గర తెలుగులో సణుక్కునేవారు. ఆ అంతస్తులో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

మొన్న మంగళవారం ఆయన పోయారు. పాత ఆఫీసులో రికార్డులు చూసిన మాల్టా ఆవిడ ఫోన్ చేసింది. "ది ఓల్డ్ బాస్ ఈజ్ గాన్, లవ్" అంది. ఆ రోజే మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననమని చెప్పింది. నేను సిడ్నీ శివారు ద పాండ్స్‌లో మా వంటింట్లో నిలబడి ఫోన్ పట్టుకుని ఏడుస్తుంటే మా అమ్మాయి వచ్చి, "హూ వజ్ హీ, అమ్మా?" అని అడిగింది. పాత బాస్ అన్నాను. ఆ మాట అబద్ధం కాదు కానీ సగం కూడా నిజం కాదు.

ఆయన చీఫ్‌గా పనిచేసింది సిడ్నీ పడమటి వైపున్న ఒక ఫెడరల్ ప్రొబేషన్ ఆఫీసులో. నేరం చేసినవాళ్ళలో కొందరిని కోర్టు జైల్లో పెట్టకుండా, బుద్ధిగా ఉండు, చెప్పిన రోజున వచ్చి కనపడు అని వదిలేస్తుంది కదా, వాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఆఫీసు అది. చెప్పిన రోజున రాకపోతే ఆఫీసరు రిపోర్టు రాస్తాడు. దాని మీద చీఫ్ సంతకం పడితే కోర్టు వారెంటు ఇస్తుంది, పోలీసులు వచ్చి తీసుకెళ్తారు. మొత్తం ఆ సంతకం మీదే నడుస్తుంది.

కర్నూలు ఆయన. అక్కడినుంచి ఎప్పుడు వచ్చారో, ఈ కుర్చీ దాకా ఎలా వచ్చారో నాకు తెలియదు, అడగలేదు. స్టీలు డబ్బాలో ఉగ్గాని తెచ్చుకునేవారు. సిడ్నీలో బొరుగులు ఎక్కడ దొరుకుతాయో ఆయనకే తెలియాలి. దాన్ని తన గదిలో తినేవారు కాదు. కింద వెయిటింగ్ రూములో, తమ వంతు కోసం కూర్చున్న వాళ్ళ పక్కన కూర్చుని తినేవారు. చేతుల నిండా పచ్చబొట్లున్న ఒకడికి పచ్చిమిరపకాయ నంజుకోవడం నేర్పించి వాడి కళ్ళల్లో నీళ్ళు తెప్పించారు. అలాగని మెత్తని మనిషి అనుకోకండి. అదే మనిషిని రెండు నెలల తర్వాత, లేచి నిలబడి, పేరు సరిగ్గా పలికి, జైలుకు పంపారు. ఆఫీసర్ల మీద అరిస్తే మూడు గదుల అవతలికి వినిపించేది.

కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు ఒక పరీక్ష పెట్టేవారు. ఎవరికీ చెప్పకుండా వెయిటింగ్ రూములో గంటసేపు కూర్చోవాలి. నన్నూ కూర్చోబెట్టారు. నేను ప్రొబేషన్ మనిషిని కాను, కంప్యూటర్ల మనిషిని, రెండువేల సంవత్సరం వస్తే తేదీలు తలకిందులవుతాయని ప్రపంచమంతా గగ్గోలు పెడుతుంటే వాటిని సరిచేయడానికి కాంట్రాక్టు మీద వచ్చిన దాన్ని. అయినా వదల్లేదు. నేలకు బిగించిన ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో నంబరు చీటీతో కూర్చున్నాను. గంట తర్వాత పైకి పిలిచారు.

"ఎట్లుంది తల్లీ?"

"భయమైంది సార్."

"ఎవరన్న ఏమన్న అన్నారా?"

"లేదు సార్."

"మరి ఎవరూ ఏమీ అనకుండనే భయమైంది. తెలుసుకో. ఇంకోటి, ఈడ ఎవర్నీ సార్ అనరు, నన్ను పేరు పెట్టి పిలువు."

ఆ ఒక్కటీ నావల్ల కాలేదు. ఖమ్మంలో పెరిగిన దాన్ని, మా నాన్న వయసున్న మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాను? చివరిదాకా సార్ అనే అన్నాను. ఆయన ప్రతిసారీ విసుక్కునేవారు, ప్రతిసారీ పలికేవారు.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పారు. "ఈ ఆఫీసులో రూల్స్ కొన్ని పుస్తకంలో ఉంటాయి, కొన్ని మనుషుల అలవాట్లలో ఉంటాయి. పుస్తకం నువ్వే చదువుకుంటావు. అలవాట్లు అడిగి తెలుసుకోవాల. అడగందే అమ్మైనా పెట్టదు. ఏదన్న తెలియకపోతే అడుగు."

అడగడమే నాకు కుదరని పని. ఎందుకో చెప్పాలి. నా బయోడేటాలో మూడేళ్ళ అనుభవం అని రాసి ఉంది. అది నేను రాసింది కాదు, నన్ను ఇక్కడికి పంపిన కన్సల్టెన్సీ వాళ్ళు రాసింది. నేను చేసిందల్లా చూసి ఊరుకోవడం. నిజానికి నా చేతిలో ఉన్నది అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, ఒక జిరాక్స్ నోట్సు. అప్పట్లో మాలో చాలామంది అలాగే వచ్చారు. వెస్ట్‌మీడ్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉన్న నలుగురు అమ్మాయిలం రాత్రి వంట చేసుకుంటూ, లేని కంపెనీల్లో లేని ప్రాజెక్టుల పేర్లు ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్ళం, ఎవరైనా అడిగితే తడబడకూడదని. చిన్న ప్రశ్న అడిగినా మూడేళ్ళ మనిషికి ఇది తెలియదా అనుకుంటారు. అనుకుంటే కాంట్రాక్టు పోతుంది. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది. అందుకని ఏదీ అడక్కుండా, అన్నీ తెలిసిన ముఖం పెట్టుకుని తిరిగాను. ఆ ముఖం నాకు బాగా అలవాటైపోయింది.

డిసెంబరులో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జనవరి ఒకటిన కంప్యూటర్లు పనిచేస్తాయో లేదో తెలియదు కాబట్టి, చెప్పిన రోజున రాని వాళ్ళందరి రిపోర్టులూ ఏడాది ముగిసేలోపు కాగితం మీద పూర్తి చేసి పంపమన్నారు. ఆ జాబితా తీసే ప్రోగ్రాం నేనే రాశాను. ప్రతి మనిషికీ మళ్ళీ ఎప్పుడు రావాలో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటిపోయి, వచ్చినట్టు గుర్తు లేకపోతే పేరు జాబితాలోకి ఎక్కుతుంది. తేలిక పని.

జాబితా తీశాక చూస్తే కొన్ని పేర్ల పక్కన ఒకే తేదీ ఉంది. తొంభై తొమ్మిది, తొమ్మిదో నెల, తొమ్మిదో తారీఖు. అన్ని తొమ్మిదులూ ఒకచోట ఎందుకున్నాయా అని నాకు అనుమానం వచ్చింది. నిజంగా వచ్చింది, ఇది దాచను. మాల్టా ఆవిడ నాకు నాలుగు బల్లల అవతల కూర్చుని ఉంది. లేచి వెళ్ళి అడిగితే నిమిషం పని. అడగలేదు.

ఆ వారం సగం మంది ఆఫీసర్లు క్రిస్మస్ సెలవుల్లో ఉన్నారు. జాబితాలోని పేర్లకి కంప్యూటరే అచ్చువేసిన రిపోర్టుల కట్ట మాత్రం ఆయన బల్ల మీద ఉంది. పొద్దున నన్ను గదిలోకి పిలిచారు.

"ఈళ్ళంతా నిజంగనే రాలేదా తల్లీ?"

"రాలేదు సార్. సిస్టమ్ల అట్లనే ఉంది."

మధ్యాహ్నం ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన అలా రావడం ఎప్పుడూ లేదు. "ఇంకోసారి చూసినావా?" అన్నారు. "చూసిన సార్. కరెక్టే ఉంది" అన్నాను. చూడలేదు. ఆయన తలూపి గదిలోకి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది. కట్ట ముందు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి సంతకాలు పెట్టుకుంటూ పోయారు. ఎదురుగా వినే ఆఫీసరు లేడు కాబట్టి పైకి చదవలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ కట్టలో ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన కాగితం ఉంది. వాళ్ళ తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లోకి వెళ్ళినవాళ్ళు. ఆయన ఒంట్లో బాగోలేక ప్రభుత్వ పెన్షన్ తీసుకుంటూ, శని ఆదివారాలు టాక్సీ నడిపి దొరికాడు. ఆ సంపాదన దాచడం ఫెడరల్ నేరం, అంటే కేంద్ర ప్రభుత్వం పెట్టే కేసు. షుగర్ ముదిరి ఎడమ పాదం సగం తీసేశారు. నడవలేడని ఆయన ఆఫీసరే నెలనెలా ఇంటికి వెళ్ళి చూసి వచ్చేది. ఆఫీసుకు రానక్కర్లేని ఇలాంటి వాళ్ళకి తేదీ గడిలో అన్నీ తొమ్మిదులు కొట్టడం ఆ ఆఫీసులో ఏళ్ళ నాటి అలవాటు. మొదలుపెట్టిన రోజున తొంభై తొమ్మిది అంటే ఎక్కడో దూరాన ఉన్న సంగతి, ఎవరూ పట్టించుకోలేదు. ఇలాంటి తొమ్మిదుల గురించి పాతకాలపు ప్రోగ్రామర్లందరికీ తెలుసట. మూడేళ్ళు నిజంగా పనిచేసి ఉంటే నాకూ తెలిసేది.

ఆ ఫిజీ ఆయన ఇల్లు పోలీసు స్టేషనుకి దగ్గర. అందుకని పోలీసులు ముందు ఆయన దగ్గరికే వెళ్ళారు. భార్య ఎంత చెప్పినా వారెంటు ఉంది మేమేం చేయలేం అని తీసుకెళ్ళారట. ఆయన ఆఫీసరు ఊళ్ళో లేదు. కోర్టుకు సెలవులు. ఆవిడ ఇన్సులిన్ డబ్బా పట్టుకుని స్టేషనుకి వెళ్తే కౌంటర్లో తీసుకుని, ఇస్తాంలే అన్నారు. ఆ డబ్బా కౌంటర్లోనే ఉండిపోయింది. మూడో రోజు పొద్దున సెల్ తలుపు తీసేసరికి మనిషి చనిపోయి ఉన్నాడు.

మాకు ఇవేవీ తెలియవు. జనవరిలో ఆఫీసు తెరిచిన రోజున అందరూ పండగ చేసుకుంటున్నారు. కంప్యూటర్లన్నీ పనిచేస్తున్నాయి, లోకం మునిగిపోలేదు. ఎవరో కేకు తెచ్చారు. నన్ను మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టారు. అప్పుడే ఆయన మెట్లెక్కి వచ్చారు, చేతిలో ఒక ఫైలు. నా చేతిలో కేకు ముక్క ఉంది. మాల్టా ఆవిడని పిలిచి, తొమ్మిదుల మీద వేలుపెట్టి, దీని అర్థం ఏమిటని అడిగారు. రానక్కర్లేదని అర్థం, అందరికీ తెలిసిందే కదా అంది ఆవిడ.

నన్ను గదిలోకి రమ్మని తలుపు వేశారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"మూడేండ్ల అనుభవం అని రాసుంది నీ కాగితంలో. నిజంగా ఎన్నేండ్లు?"

"మూడు నెలలు సార్. కోర్సు."

"ఈ తొమ్మిదులు చూసినప్పుడు అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"అడగలేదే?"

"అడిగితే నాకు పని రాదని తెలుస్తదని..."

ఆయన ఫైలు మూసి బల్ల మీద పెట్టారు. "మనిషి పోయినాడు తల్లీ" అన్నారు. "పో. పోయి పని చేసుకో."

విచారణ జరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు కంప్యూటర్ అన్నా నేను తల దించుకునేదాన్ని. నన్ను ఎవరూ పిలవలేదు. వెనక వరసలో కూర్చుని విన్నాను. కంప్యూటర్ జాబితాలో తప్పుందా అని ఆయన్ని అడిగారు. జాబితాలో ఏమున్నా సంతకం తనదని, మామూలుగా నిలబడి, ఆఫీసరుని ఎదురుగా పెట్టుకుని చదువుతానని, ఆ రోజు కూర్చుని చదవకుండా పెట్టానని చెప్పారు. రెండుసార్లు నన్ను అడిగిన సంగతి చెప్పలేదు. నేనూ లేచి చెప్పలేదు. ఆ నెలలోనే నా పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాలు ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు.

వెళ్ళిపోయే ముందు ఒక ఆదివారం నాకు ఫోన్ చేసి, ఆ ఫిజీ ఆయన భార్య ఇంటికి వెళ్తున్నానని, రమ్మని అన్నారు. కారులో వెళ్తుంటే ఒకటే మాట చెప్పారు. "నా సంగతి నేను చెప్పుకుంటా. నీది నేను చెప్పను. అది నీ నోటితోనే రావాల."

ఆవిడ మాకు టీ ఇచ్చింది. నానమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆవిడది, మధ్యలో హిందీ కలుస్తుంది. ఆయన సోఫాలో కూర్చోలేదు. నిలబడే చెప్పారు. "ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేను. చూడకుండ పెట్టినా. మాఫ్ చెయ్యమని అడగనీకి వచ్చినా." ఆవిడ ముఖం తిప్పుకుంది. తర్వాత ఆయన నా వైపు చూశారు. నేను చేతిలోని టీ కప్పులోకి చూశాను. తిరిగి వస్తూ ఆయన దాని గురించి ఎత్తలేదు, స్టేషన్ దగ్గర దింపమంటావా, ఇంటి దగ్గరా అని మాత్రం అడిగారు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదని ఇప్పటికీ కోపంగా ఉంది నాకు ఆయన మీద.

రెసిడెన్సీ వచ్చింది. పెళ్ళి అయింది, పిల్లలు, ఇల్లు. మూడేళ్ళ అబద్ధం మీద నిజమైన పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పేరుకున్నాయి. నా కింద పదిమంది పనిచేస్తున్నారు, తెలియకపోతే అడగండి అని వాళ్ళకి నేను చెబుతుంటాను. సిగ్గుగానే ఉంటుంది, అయినా చెబుతాను.

మధ్యలో ఆయన్ని ఒక్కసారే చూశాను, ఒక ఇండియన్ షాపులో. నేను కందిపప్పు తీసుకుంటున్నాను. తప్పించుకుందామంటే సందు లేదు. బాగా చిక్కిపోయారు.

"బాగుండావా తల్లీ? పిల్లలెంతమంది?"

చెప్పాను. బిల్లు కట్టి వెళ్ళబోతూ ఆగారు. "ఆమె ఇల్లు మారలేదు. ఆ ఇంట్లోనే ఉంది."

"పోత సార్. తప్పకుండ పోత."

వెళ్ళలేదు.

మంగళవారం ఖననం అయ్యాక ఆయన ఇంటికి వెళ్ళాను. మగవాళ్ళు ఇంకా శ్మశానం నుంచి రాలేదు. ఆడవాళ్ళకి గరాజ్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. లోపల ఖురాన్ చదువుతున్న గొంతులు వినిపిస్తున్నాయి. చివరి కుర్చీలో, తెల్ల చీర మీద స్వెట్టర్ వేసుకుని ఒక ముసలావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. నేను పోల్చుకోకముందే ఆవిడే నన్ను పోల్చుకుంది.

"నువ్వు ఆ రోజు వచ్చావు. ఆయన కూడా" అంది.

పక్కన కూర్చున్నాను. ఇప్పుడు చెబితే నాకు పోయేది ఏమీ లేదు. వీసా లేదు, కాంట్రాక్టు లేదు, ఇంటికి పంపించేవాళ్ళు లేరు. అందుకే ఆ ధైర్యం వచ్చిందని నాకు తెలుసు, దానికి మంచి పేరేమీ పెట్టుకోను. జాబితా నేను తీశాను అని చెప్పాను. తొమ్మిదుల సంగతి, అనుమానం వచ్చీ అడగని సంగతి, దొంగ బయోడేటా, అన్నీ చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూస్తూ వింది. మధ్యలో ఒక్కసారే ఆపింది.

"సంతకం పెట్టే ముందు నిన్ను అడిగాడా, ఆయన?"

"అడిగారు ఆంటీ. రెండుసార్లు."

"నువ్వు ఏం చెప్పావు?"

"కరెక్టే ఉందని చెప్పిన."

ఎవరో వచ్చి మా ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళారు. ఆవిడ తాగలేదు.

"ప్రతి రంజాన్‌కి ముందు వచ్చేవాడు మా ఇంటికి" అంది. "గుమ్మం దగ్గరే నిలబడేవాడు. లోపలికి రమ్మన్నా రాడు. 'మాఫ్ చేశానని ఒక్క మాట అను బహెన్' అనేవాడు. నేను అనలేదు. చూడకుండా, అడక్కుండా, నా మనిషిని చంపాడు కదా అనుకున్నా. నిరుడు కర్ర పట్టుకుని వచ్చాడు, నిలబడలేకపోయాడు. అప్పుడు కూడా తలుపు వేసేశా."

వీధిలో కార్లు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి. మగవాళ్ళు దిగుతున్నారు, కొందరి బూట్లకి ఎర్రమట్టి ఉంది. ఆవిడ వాళ్ళని చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"పూడ్చి వచ్చేశారా?" అంది. "ఇప్పుడు వెళ్ళి ఆ మాట అంటే వినపడుతుందా ఆయనకి?"